రూపాయి షాంపూ ప్యాకెట్‌కి గేటు ఎక్కడ?

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే రోజుల్లో మా హాస్టల్ బాత్రూం నెలకోసారి నిండిపోయేది. నీళ్లు చీలమండల దాకా వచ్చాక ఎవడో ఒకడు ఓనర్ అంకుల్‌కి ఫోన్ కొట్టేవాడు. ఆయన విసుక్కుంటూ ప్లంబర్‌ని పంపేవారు. ఆ అన్న జాలీ పక్కకి తీసి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు ఖాళీ షాంపూ ప్యాకెట్లు బయటికి లాగేవాడు. ‘ఇంజినీర్లంట... ప్యాకెట్ బుట్టలో ఎయ్యడం రాదా తమ్ముడూ?’ అనేవాడు. నవ్వేసి ఊరుకునేవాళ్లం.

ఏడాది తర్వాత ఓ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్యానెల్‌లో ఉన్న మేడం బ్యాగులోంచి అలాంటి ఖాళీ ప్యాకెట్ ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు.

‘ఇది దేంతో తయారైంది?’

‘ప్లాస్టిక్ మేడం.’

‘ఏ ప్లాస్టిక్?’

నీళ్లు నమిలాను.

‘పోనీ, దీన్ని నిషేధించిన రాష్ట్రం ఏదైనా చెప్పగలరా?’

‘సింగిల్ యూజ్ కదా మేడం, అన్నిచోట్లా బ్యాన్ అయ్యే ఉంటుంది’ అన్నాను ధైర్యంగా. ఆవిడ చిన్నగా నవ్వి నా రెజ్యుమె పక్కన పెట్టేశారు. ఉద్యోగం రాలేదు. రెండు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుంటూ పోతే మాత్రం ఓ పెద్ద కథే దొరికింది. ప్యాకేజింగ్, కెమికల్, ఎన్విరాన్‌మెంట్, డేటా... ఏ వైపు ఉద్యోగం వెతుక్కుంటున్నా ఈ కథ మీకు పనికొస్తుంది.

మొదటి ప్రశ్నే ముందు చూద్దాం. షాంపూ ప్యాకెట్ ఒక ప్లాస్టిక్ కాదు, సాధారణంగా మూడు పొరల అంటింపు. పైన ప్రింటింగ్ కోసం పాలిస్టర్ పొర. మధ్యలో గాలి, తేమ లోపలికి పోకుండా అల్యూమినియం పూసిన పొర. లోపల అంచులు వేడితో అతుక్కోవడానికి పాలిథిన్. పరిశ్రమలో దీన్ని మల్టీలేయర్ ప్లాస్టిక్ అంటారు, ముద్దుగా ఎంఎల్‌పీ. చిప్స్ ప్యాకెట్, కాఫీపొడి ప్యాకెట్, పాన్ మసాలా ప్యాకెట్ అన్నీ దీని చుట్టాలే. ఇక్కడే చిక్కంతా. పాలిథిన్ 110 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాలిస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. రెండిటినీ కలిపి కరిగిద్దామంటే ఒకటి మాడిపోతుంది, రెండోది కదలదు. విడదీద్దామంటే ఆ ఖర్చుకి కొత్త ప్లాస్టిక్కే చవక.

పైగా ఖాళీ ప్యాకెట్ ఒక్కోటి గ్రాము కూడా తూగదు. కిలో పోగవ్వాలంటే వెయ్యికి పైగా ఏరాలి. చెత్త ఏరుకుని బతికేవాళ్లు నీళ్ల సీసా కనబడితే ఆగుతారు, ప్యాకెట్ కనబడితే దాటిపోతారు. వాళ్లని తప్పు పట్టే పనేముంది? వెయ్యిసార్లు వంగి లేస్తే కొనేవాడు ఉండాలి కదా.

తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఈ ఖాళీ ప్యాకెట్‌కి విలువ ఉండేది. మన దేశంలో షాంపూ సాచెట్ కథ మొదలైంది తమిళనాడులోని కడలూరులో. చిన్ని కృష్ణన్ అనే ఆయన సీసా కొనలేని వాళ్ల కోసం షాంపూని చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మారు. ఆయన కొడుకు సి.కె.రంగనాథన్ 1983లో 15 వేల రూపాయలతో సొంత వ్యాపారం పెట్టి ‘చిక్’ షాంపూ తెచ్చారు. ఇప్పుడు మనం కెవిన్‌కేర్ అంటున్న కంపెనీ అదే. ఆయన పెట్టిన ఓ స్కీమ్ ఏంటో తెలుసా? ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఫ్రీ. కొన్నాళ్లకి చిక్ ఖాళీ ప్యాకెట్లకే ఫ్రీ అని మార్చారు. అది పర్యావరణం కోసం కాదు, పక్కా మార్కెటింగ్. అయినా ఖాళీ ప్యాకెట్ కొట్టుకి తిరిగొచ్చింది. చట్టాలు ఇప్పుడు ఆపసోపాలు పడుతూ చేయబోతున్న పనిని ఓ షాంపూ వ్యాపారి అమ్మకాల కోసం ఎప్పుడో చేసి వదిలేశాడు!

ఇక రెండో ప్రశ్న. నిషేధించిన రాష్ట్రం ఏది?

సంచుల్ని నిషేధించిన రాష్ట్రాలు బోలెడు. సిక్కిం 1998లోనే ప్లాస్టిక్ సంచుల్ని వద్దంది. 2016లో ప్రభుత్వ ఆఫీసుల్లో, సమావేశాల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలూ వద్దంది. 2018 మార్చి 23న మహారాష్ట్ర తన 2006 నాటి చట్టం కింద పెద్ద నోటిఫికేషనే ఇచ్చింది. సంచులు, థర్మాకోల్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు అన్నీ అందులో ఉన్నాయి. మొదటిసారి దొరికితే 5 వేలు, రెండోసారి 10 వేలు, మూడోసారి 25 వేల జరిమానాతో పాటు మూణ్నెల్ల దాకా జైలు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి 14 రకాల వస్తువుల్ని ఆపేసింది. 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’ అంటూ పాత పసుపు గుడ్డ సంచిని మళ్లీ జనం చేతికిచ్చింది.

ఇవేవీ ఉత్తుత్తి చట్టాలు కావు. కానీ ఆ జాబితాలు పట్టుకుని కిరాణా కొట్టు ముందు నిలబడి చూడండి. సంచి పోయింది, స్ట్రా పోయింది. దండల్లా వేలాడుతున్న షాంపూ ప్యాకెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మహారాష్ట్ర మల్టీలేయర్ ప్యాకింగ్ జోలికి పోలేదు. తమిళనాడు కూడా ఫ్యాక్టరీలోనే సీలు చేసి వచ్చే ప్యాకింగ్‌కి మొదట మినహాయింపు ఇచ్చింది. 2020 జూన్‌లో ఆ మినహాయింపు తీసేసింది, నిజంగా సాహసమే. అయినా చెన్నైలో ఏ చిన్న కొట్టుకెళ్లినా ప్యాకెట్ల దండలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమల్లోకొచ్చిన కేంద్ర నిషేధం ఇంకా విచిత్రం. స్వీటు డబ్బా మీద చుట్టే పల్చటి ఫిల్మ్ అందులో ఉంది, సిగరెట్ పెట్టె మీది ఫిల్మ్ ఉంది, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్ పుల్ల కూడా ఉంది. షాంపూ ప్యాకెట్ లేదు. గుట్కా, పొగాకు, పాన్ మసాలాలకి ప్లాస్టిక్ సాచెట్ వాడొద్దని కేంద్ర నిబంధనలు ఎప్పుడో చెప్పాయి, షాంపూకి ఆ మాట చెప్పలేదు.

అంటే మేడం ప్రశ్నకి సూటి జవాబు: ‘కాగితం మీద దగ్గరిదాకా వెళ్లిన రాష్ట్రం ఉంది, కొట్టులోంచి పంపేసిన రాష్ట్రం లేదు.’

ఒక్క మాట మారితే...

ఇక్కడ ఓ చిన్న చట్టపు లొసుగు చెప్పాలి. ఇంజినీరింగ్ స్టూడెంట్లు గెజిట్లు చదవరు, నేనూ చదవలేదు. చదివితే థ్రిల్లర్‌లా ఉంటుంది. 2016 మార్చిలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగా ఓ మాట చెప్పాయి: రీసైకిల్ చేయడానికి వీల్లేని మల్టీలేయర్ ప్లాస్టిక్‌ని రెండేళ్లలో వదిలించుకోవాలి. అంటే 2018కి షాంపూ ప్యాకెట్ డిజైన్ మారిపోవాలి. సరిగ్గా 2018 మార్చిలో సవరణ వచ్చింది. రీసైకిల్ చేయలేనిది అన్నచోట, రీసైకిల్ చేయలేనిది లేదా దాన్నుంచి శక్తి తీసుకోలేనిది లేదా ఇంకే పనికీ రానిది అని మార్చారు. ఇంకేముంది, ఏ ప్లాస్టిక్‌నైనా కాలిస్తే వేడొస్తుంది! 1450 డిగ్రీల దాకా మండే సిమెంటు బట్టీలో బొగ్గుకు తోడుగా వేస్తే శక్తి తీసినట్టే. ఆ సవరణతో షాంపూ ప్యాకెట్‌కి గడువనేదే లేకుండా పోయింది.

సిమెంటు బట్టీలో కాల్చడం డ్రైనేజీలో ఇరుక్కోవడం కన్నా మేలే. అది కాదనను. కానీ కాల్చడం కుదిరినంత కాలం, కరిగించి మళ్లీ వాడేలా ప్యాకెట్ డిజైన్ మార్చాల్సిన అవసరం ఏ కంపెనీకి పడుతుంది?

అలాగని ‘సాచెట్‌ని రేపే బ్యాన్ చేయండి’ అనే బ్యాచ్‌లో నేను లేను. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం కొట్లో రెండు ప్యాకెట్లు తెంపించుకుని వెళ్లేవాళ్లు. సీసా కొనేంత డబ్బు వాళ్ల చేతిలో ఒకేసారి ఉండదు. ఇంకో సంగతి, మీ హాస్టల్ దగ్గరి కొట్లో ఒకే బ్రాండ్ ప్యాకెట్, సీసా పక్కపక్కన పెట్టి మిల్లీలీటరుకి ఎంత పడుతుందో లెక్కేసి చూడండి. చాలాసార్లు ప్యాకెట్టే చవక. సీసా కొన్నవాడికన్నా ప్యాకెట్ కొన్నవాడే తెలివైనవాడు ఆ లెక్కలో. అలాంటప్పుడు నిషేధం బరువు ముందు పడేది ఫ్యాక్టరీ మీద కాదు, ఆ కూలి మనిషి మీద.

కొండ మీద ఎలా సాధ్యమైంది?

షాంపూ ప్యాకెట్ నిజంగా ఆగిన చోటు ఒకటి మనకి తెలుసు. తిరుమల. 2022 జూన్ నుంచి కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు, కవర్లు, షాంపూ ప్యాకెట్లు వద్దని టీటీడీ గట్టిగా మొదలుపెట్టింది. గుండు చేయించుకోవడానికి వెళ్లే ఊళ్లో షాంపూ ఎందుకని జోకులేయొద్దు, కాటేజీల్లో రోజూ వేలమంది తలస్నానాలు చేస్తారు. అక్కడ సాధ్యం కావడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. అలిపిరి దగ్గర గేటుంది. కారులో వెళ్లినా బస్సులో వెళ్లినా లగేజీ అక్కడ స్కానింగ్‌కి వెళ్లాల్సిందే. కొండకి దారులు తక్కువ, కాబట్టి కాపలా తేలిక.

రాష్ట్రానికి అలాంటి గేటు లేదు. లక్షల కొట్లలో ఏ కొట్టుకని ఇన్‌స్పెక్టర్ వెళ్తాడు? సంచి అయితే కొట్టువాడు చేత్తో ఇస్తాడు కాబట్టి పట్టుకుని జరిమానా వేయొచ్చు. సీలు చేసిన ప్యాకెట్ ఇంకో రాష్ట్రంలోని ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. కొట్టు యజమానికి దాని డిజైన్ మీద ఏ అధికారమూ లేదు. అతనికి ఐదు వేలు జరిమానా వేస్తే ప్యాకెట్‌లో ఒక్క పొరైనా తగ్గుతుందా?

గేటు ఎక్కడ పెట్టాలన్న ఈ ప్రశ్న అమెరికాలోనూ వచ్చింది. కాలిఫోర్నియా హోటళ్లలో ఇచ్చే చిట్టి షాంపూ సీసాలు గుర్తున్నాయా? సినిమాల్లోనైనా చూసి ఉంటారు. ఆ రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికైన తొలి భారత సంతతి సభ్యుడు ఆష్ కాల్రా ప్రతిపాదించిన బిల్లు 2019లో చట్టమైంది. 6 ఔన్సుల కన్నా చిన్న ప్లాస్టిక్ సీసాల్లో షాంపూ, కండిషనర్, సబ్బు ద్రావణాలు గదుల్లో ఇవ్వకూడదు. 6 ఔన్సులంటే సుమారు 177 మిల్లీలీటర్లు. 50 గదులు దాటిన హోటళ్లకి 2023 జనవరి నుంచి, చిన్నవాటికి 2024 జనవరి నుంచి అమలు. మొదటి తప్పుకి 500 డాలర్లు, ఆ తర్వాత 2 వేలు. ఇక్కడ గేటు హోటల్. లైసెన్సు ఉంటుంది, అడ్రసు ఉంటుంది, గోడకి డిస్పెన్సర్ బిగించే స్థోమత ఉంటుంది. అతిథికి షాంపూ దొరకడం ఆగలేదు, సీసా మాత్రం ఆగింది.

అదే కాలిఫోర్నియా సంచుల విషయంలో మాత్రం బోల్తా పడింది. 2014లో పల్చటి క్యారీబ్యాగుల్ని నిషేధిస్తూ చట్టం చేశారు, 2016లో ఓటర్లు కూడా సరే అన్నారు. అయితే మందంగా ఉన్న సంచిని ‘మళ్లీ మళ్లీ వాడేది’ కింద లెక్కేసి 10 సెంట్లకి అమ్ముకోవచ్చన్నారు. 2.25 మిల్ మందం, మన లెక్కలో 57 మైక్రాన్లు. జనం ఆ మందపాటి సంచిని కూడా ఒకసారి వాడి పారేశారు. చెత్తలో చేరిన ప్లాస్టిక్ సంచుల బరువు 2014లో 1.57 లక్షల టన్నులు ఉంటే 2022కి 2.31 లక్షల టన్నులయింది. చివరికి ఆ లొసుగు మూయడానికి 2024లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

మనం నవ్వడానికేం లేదు. మన సంచి మందం 2011లో 40 మైక్రాన్లు, 2016లో 50, 2021 సెప్టెంబరు నుంచి 75, 2022 డిసెంబరు నుంచి 120. మందం పెంచితే ఖరీదు పెరిగి కొట్టువాడు ఫ్రీగా ఇవ్వడన్నది ఆలోచన. ఇవ్వడం మానకపోతే మాత్రం అదే సంచిలో రెట్టింపు ప్లాస్టిక్ బయటికెళ్తుంది.

లెక్క అడిగే చట్టం

కొట్టు దగ్గర గేటు పెట్టలేకపోతే ఫ్యాక్టరీ దగ్గర పెట్టాలి. దీనికే ఈపీఆర్ అని పేరు. నువ్వు మార్కెట్లోకి ఎన్ని టన్నుల ప్యాకింగ్ వదిలావో అన్ని టన్నుల బాధ్యత నీదే అని బ్రాండ్‌కి చెప్పడం. అమెరికాలో ప్యాకేజింగ్ కోసం ఈ చట్టం ముందు చేసిన రాష్ట్రం మెయిన్, 2021లో. 2022లో కాలిఫోర్నియా ఇంకా ముందుకెళ్లి, 2032 నాటికి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్యాకింగ్‌ని 25 శాతం తగ్గించాలని, మిగిలిన దాంట్లో 65 శాతం రీసైకిల్ కావాలని రాసుకుంది.

మన దగ్గర ఈ గేటు రాష్ట్రాలు పెట్టలేదు, కేంద్రం పెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ప్యాకింగ్‌ని నాలుగు కేటగిరీలు చేశాయి. గట్టి ప్లాస్టిక్ మొదటిది, ప్లాస్టిక్ పొరలే ఉన్న మెత్తటి కవర్లు రెండోది, మన షాంపూ ప్యాకెట్ బాపతు మల్టీలేయర్ మూడోది, మట్టిలో కలిసేవి నాలుగోది. మూడో కేటగిరీలో 2024-25కి 30 శాతం రీసైకిల్ చేసి చూపించాలి, ఏటా 10 పెంచుకుంటూ 2027-28కి 60 శాతం. సేకరించినదంతా బట్టీకి పంపేస్తామంటే ఇక కుదరదన్నమాట. 2018లో తెరిచిన తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటోంది.

ఇదంతా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నడుస్తుంది. కంపెనీలు రిజిస్టర్ కావాలి, టన్నులు చూపించాలి, రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనాలి. రాష్ట్ర మండళ్లు తమ పరిధిలోని ఉత్పత్తిదారుల్ని, రీసైక్లర్లని రిజిస్టర్ చేసి తనిఖీ చేయాలి. సర్టిఫికెట్ అన్నాక మనవాళ్లు ఊరుకుంటారా? రీసైకిల్ చేయని ప్లాస్టిక్‌కి లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారని మండలి ఆడిట్‌లోనే 2023లో బయటపడింది. సాఫ్ట్‌వేర్ కళ్లతో చూస్తే ఇది చిన్న విషయమే: ఒక యూనిట్ కరెంటు బిల్లు, మెషిన్ కెపాసిటీ, జీఎస్టీ ఇన్వాయిసులు పక్కపక్కన పెడితే అది అన్ని టన్నులు కరిగించగలదా లేదా తెలిసిపోతుంది. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టే మనిషి కావాలి. ఇప్పుడు ఉద్యోగాలు ఉన్నది అక్కడే.

బ్రాండ్ కంపెనీల్లో ‘ఈపీఆర్ కంప్లయన్స్’, ‘సస్టెయినబిలిటీ ఎనలిస్ట్’ పేర్లతో పోస్టులు కనిపిస్తున్నాయి. చాలావరకు ఎక్సెల్ పనే, దాచడమెందుకు. ఏ ప్రొడక్ట్ ప్యాకింగ్ ఎన్ని గ్రాములు, ఏ కేటగిరీ, ఏ రాష్ట్రంలో ఎంత అమ్మారు. స్టాక్ మార్కెట్లో లిస్టయిన టాప్ వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ బాధ్యతల నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని సెబీ చెప్పింది కాబట్టి ఈ లెక్కలు తెలిసినవాళ్లకి కన్సల్టెన్సీల్లోనూ పని దొరుకుతుంది.

నాకు అసలు ఆసక్తి ఉన్నది రెండో రకం పని, ప్యాకెట్‌నే మార్చే పని. మూడు రకాల పొరల బదులు అన్నీ పాలిథిన్ కుటుంబానివే వాడి, అదే రక్షణ ఇచ్చేలా చేయడం. దాన్ని మోనో మెటీరియల్ అంటున్నారు. అప్పుడు ప్యాకెట్ మూడో కేటగిరీ నుంచి రెండోదానికి దిగుతుంది, కరిగించి మళ్లీ వాడొచ్చు. చెప్పినంత సులువు కాదు. పాలిస్టర్ పొర లేకపోతే ప్యాకింగ్ మెషిన్ వేడికి కవరు సాగిపోతుంది, స్పీడు తగ్గించాలి, స్పీడు తగ్గితే రూపాయికి గిట్టదు. కెమికల్, మెకానికల్ వాళ్లు కలిసి కూర్చుంటే తప్ప తెగని లెక్క ఇది.

చదువుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. సీపెట్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. పదో తరగతి తర్వాత ప్లాస్టిక్స్ డిప్లొమాలు, సైన్స్ డిగ్రీ తర్వాత రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంటాయి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కీ హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. అక్కడ సైన్స్, ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లకి ప్యాకేజింగ్‌లో పీజీ డిప్లొమా ఇస్తారు. మన సీనియర్లలో చాలామందికి అలాంటి కోర్సు ఉందనే తెలియదు. నాకూ ఇంటర్వ్యూ పోయాకే తెలిసింది.

కోర్సులో చేరేలోపు ఫ్రీగా చేయగలిగిన పని ఒకటుంది. ఓ వారంపాటు మీ రూమ్‌లో ఖాళీ అయిన ప్రతి ప్యాకెట్ దాచండి. పెద్ద చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు తిప్పి చూస్తే చాలావాటి మీద ఈపీఆర్ రిజిస్ట్రేషన్ నంబర్ కనిపిస్తుంది, రాసుకోండి. కాలేజీ ల్యాబ్ తూకంలో ఒక్కోదాన్నీ తూచండి. ఏది ఏ కేటగిరీయో మీరే నిర్ణయించండి. చేత్తో చింపితే లోపల వెండిరంగు పొర, సాగే పారదర్శక పొర విడిగా కనబడతాయి. ఒక షీటులో పెట్టి రెజ్యుమెలో ప్రాజెక్ట్ కింద రాయండి. ఇంటర్నెట్‌లో కొన్న ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్ట్ కన్నా ప్యానెల్ దీన్నే ఎక్కువసేపు అడుగుతుందని నా అనుభవం. రెండో ఇంటర్వ్యూలో నన్ను అరగంట అడిగారు.

మూడో కేటగిరీ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 5 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ కలపాలి, 2028-29కి అది 10 శాతం. రూపాయి ప్యాకెట్‌లో, గ్రాము కన్నా తక్కువ బరువులో, షాంపూ కారిపోకుండా, రేటు పెరగకుండా ఆ 10 శాతం ఎలా ఇరికించాలో డ్రాయింగ్ బోర్డు దగ్గర కూర్చుని తేల్చేవాళ్లు ఇంకా కావాలి. ఈసారి ఆ మేడం ప్యాకెట్ టేబుల్ మీద పెట్టాక అడగబోయే మూడో ప్రశ్న అదే అయ్యుండొచ్చు.